పంపకం అయ్యాక మిగిలిన లెక్క

మా కార్ఖానాకు ఒకటే కరెంటు మీటరు. భివండీ పద్మనగర్‌లో ఒక సందు చివర రేకుల షెడ్డు అది. నడిమధ్య ఇటుక గోడ. గోడకు అటువైపు చిన్నబాపు సాంచాలు (మరమగ్గాలు), ఇటువైపు మా బాపువి. రెండు వాకిళ్లు, రెండు తాళాలు, నూలిచ్చే సేఠ్‌లు కూడా ఇద్దరు. మీటరు మాత్రం ఒకటే, అదీ తాత పేరు మీద. ఆయన పోయాక పంచుకున్నవాటిలో ఇత్తడి బిందెలున్నాయి, ఊళ్లో పెరడుంది, దేవుడి గూట్లోని పటాలు కూడా ఉన్నాయి. అన్నింటినీ రెండు చేసిన పెద్దమనుషులు మీటరును ఎందుకు వదిలేశారు? ఇంకో కనెక్షన్ తీసుకోవడం కాని పనేమీ కాదు. ఖర్చనుకున్నారా? తర్వాత చూద్దాంలే అనుకున్నారా? లేక అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు, మనసులో ఏముందో తనకే తెలియకుండా, దాన్ని అలాగే ఉండనిచ్చారా? నెల తిరిగి బిల్లు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటోంది. జవాబు బాపును అడగొచ్చు. అడిగితే ఆయన ఏదో ఒక కారణం చెప్పేస్తాడు, ఆ కారణంతో నా ప్రశ్న చచ్చిపోతుంది. అందుకే అడగలేదు.

చిన్నప్పుడు ఆ బిల్లు మోసే పని నాది. బాపు దాని వెనక పెన్సిల్‌తో లెక్క వేసేవాడు. అటు ఎన్ని సాంచాలు, ఇటు ఎన్ని, ఏ పాళీ (షిఫ్టు) నడిచింది, ఏది బందైంది. “చిన్నబాపుకు ఇచ్చి రా బిడ్డా” అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. చిన్నబాపు నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, కాగితాన్ని బల్బు దగ్గరికి తీసుకుపోయి చూసేవాడు. ఎప్పుడైనా “పోయిన వారం నా రాత్రి పాళీ బందున్నది, గది తీసెయ్యుమని చెప్పు బిడ్డా” అనేవాడు. నేను తిరిగొచ్చి ఆ మాట చెబితే బాపు ఆ అంకె కొట్టేసి కొత్తది వేసేవాడు. వాదన లేదు, సాక్షి లేడు. పండుగకు ఒకరి గడప ఒకరు తొక్కని రోజులవి. మార్కండేయ స్వామి గుడి దగ్గర ఎదురుపడితే ఒకరు చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగేవారు, ఇంకొకరు గంట వైపు చూసేవారు. అలాంటి ఇద్దరు, ఒకరి నోటి మాట మీద ఇంకొకరు డబ్బు లెక్క మార్చుకున్నారు. అన్నం కలిసి తినలేని చోట ఈ నమ్మకం ఎట్లా బతికింది?

విడిపోయిన ఇల్లు మాదొక్కటే అయితే ఇంతగా ఆలోచించేదాన్ని కాదేమో. పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో మా వాళ్ల ఏ సందులోకి వెళ్లినా నడుమ గోడ లేచిన కార్ఖానా ఒకటి కనిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ఊళ్ల నుంచి పద్మశాలీలు నిజాం కాలంలోనే పడమటి దారి పట్టారు. ముందు షోలాపూర్, బొంబాయి మిల్లులు, తర్వాత భివండీ. మా తాత సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి వచ్చి వర్లీలో ఉండి మిల్లులో నేశాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ చెప్పలేదు, మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడుతూ పోయాయి. మిల్లుల్లో ఆగిన నేత భివండీ సాంచాల మీదికి మళ్లింది. మిల్లులు వదిలించుకున్న పాత సాంచాలే లారీలెక్కి ఇక్కడికి చేరాయి. తాత కూడా ఊళ్లో కొంత భూమి అమ్మి, అలాంటివి కొన్ని కొని ఈ షెడ్డులో దింపాడు.

ఈ మార్పు గురించి చదివేటప్పుడు కూలి రేట్లు, ఉత్పత్తి అంకెలు కనిపిస్తాయి. నాకు ఇంకొకటి కనిపిస్తుంది. మిల్లులో వేల మంది ఒకే కప్పు కింద పనిచేసేవారు. పేచీ వస్తే అది యజమానికీ కార్మికుడికీ మధ్య. జెండా ఉండేది, యూనియన్ ఉండేది, గేటు ముందు నిలబడి అరవడానికి చోటుండేది. సాంచాల ఊళ్లో ఆ పని ముక్కలై చిన్న చిన్న షెడ్లలోకి, ఇళ్లలోకి వచ్చి పడింది. సేఠ్ నూలిస్తాడు, మీటరు బట్టకు ఇంత అని కూలి కడతాడు. బజారు పడిపోతే కూలి తగ్గిస్తాడు. ఆ తగ్గిన పైసలు ఎవరి కంచంలో తగ్గాలి? పెట్టుబడి పెట్టిన అన్న కంచంలోనా, రాత్రి పాళీ నిద్ర కాచిన తమ్ముడి కంచంలోనా? గేటు బయట తేలాల్సిన పేచీ వంటింటి గడప మీదికి వచ్చి కూర్చుంది. అన్నదమ్ముల తగాదాను మనం గుణాల తగాదా అనుకుంటాం. పెద్దోడు పిసినారి అని, చిన్నోడు మొండి అని. అది ఎక్కడో సూరత్‌లోనో ముంబైలోనో పడిపోయిన ధర వేసిన చిచ్చు అయి ఉండొచ్చని, తిట్టుకుంటున్న ఇద్దరిలో ఎవరికీ తోచదు.

మా ఇంటి చీలికకు రెండు కథలున్నాయి. బాపు కథలో భూమి అమ్మింది తమ్ముడు చదువుకునే రోజుల్లో, అప్పు తీర్చింది తను, పెళ్లి చేసింది తను, చివరికి ‘నువ్వు నాకేం చేసినవ్’ అనిపించుకుందీ తనే. చిన్నబాపు కథలో చదువు మధ్యలో మాన్పించి సాంచా ముందు నిలబెట్టారు, పన్నెండు గంటల పాళీ చేయించారు, కూలి లెక్క ఎన్నడూ చేతికి ఇవ్వలేదు. రెండు కథల్లోనూ అబద్ధం లేదు. ఒక కథలో ఉన్న సంఘటన రెండో కథలో లేకపోవడమే ఉంది. కాలేజీ రోజుల్లో వీటిలో ఏది నిజమో తేల్చాలని నాకు గొప్ప పట్టుదల ఉండేది. ఊరికి పోయినప్పుడు ముసలివాళ్లను అడిగాను, పాత కాగితాలు విప్పి చూశాను. ఎంత విప్పితే అంత స్పష్టంగా రెండు కథలూ నిలబడ్డాయి. ఒక మనిషి ఎదగడం అంటే తీర్పు చెప్పే నేర్పు రావడమేనా? రెండు నిజాలను ఒకే గుండెలో పెట్టుకుని, వాటిలో దేన్నీ బయటికి నెట్టకుండా బతకగలగడం అంతకన్నా కష్టమైన ఎదుగుదల అని ఇప్పుడు అనిపిస్తోంది.

పాత సాంచాలో ఒక సంగతి ఉంది. పేక, అంటే అడ్డం పోగు, తెగితే అది తనంతట తానే ఆగుతుంది. నాడెలో కండె అయిపోయినా, పోగు తెగినా, పక్కనున్న చిన్న ఇనప ముల్లు పసిగట్టి సాంచాను ఆపేస్తుంది. పొడుగునా సాగే పడుగు పోగు తెగితే మాత్రం ఈ పాతవి ఆగవు. చప్పుడు మారదు, బట్ట దిగుతూనే ఉంటుంది. నేతగాడి కన్ను పడేదాకా బట్ట పొడుగునా సన్నటి గీత పెరుగుతూనే ఉంటుంది. ఇళ్లలోనూ రెండు రకాల తెగడాలున్నాయి. అరుచుకుని, పెద్దమనుషులను పిలిచి, గోడ కట్టుకునేది ఒకటి. అది అందరికీ కనిపిస్తుంది. ఎవరూ అరవకుండా, బతుకు యథాప్రకారం నడుస్తుండగా లోపల్లోపల పొడుగయ్యేది ఇంకొకటి. మా ఇంట్లో మొదటిది గోడ కట్టిన నాడు జరిగింది. రెండోది అంతకు ఎన్నో ఏళ్ల ముందు, చిన్నబాపు ‘నా కూలి ఎంత’ అని అడగాలనుకుని అడగలేకపోయిన ఏదో ఒక శనివారం జరిగి ఉంటుంది. ఆ శనివారాన్ని ఎవరూ చూడలేదు.

విడిపోయిన ఇళ్ల గురించి మన తెలుగువాళ్లకు పెద్ద కథే ఉంది. పల్నాటి యుద్ధం దాయాదుల పోరు. ఒకే తండ్రి బిడ్డలు నలగామరాజు, మలిదేవరాజు గురజాల, మాచర్లలుగా చీలి కారెంపూడిలో కొట్టుకున్నారు. అక్కడ ఇప్పటికీ ఏటా కార్తీకంలో ఐదు రోజులు వీరుల ఉత్సవం చేస్తారు. ఒక్కో రోజుకు ఒక్కో పేరు. రెండో రోజు పేరు రాయబారం. ఆ పేరు దగ్గర నేను ఆగిపోయాను. ఆ రాయబారం ఫలించలేదు కదా! సంధి మాట్లాడటానికి వెళ్లిన అలరాజు నలగాముడి సొంత అల్లుడు, అతను విషానికి బలయ్యాడని కథ. ఫలించని రాయబారానికి ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఒక రోజు కేటాయించి గుర్తుపెట్టుకోవడం ఏమిటి? బహుశా జనం ఒక సంగతి గ్రహించారు. యుద్ధం ఎట్లా జరిగిందో తెలియడం ఎంత అవసరమో, అది జరగకుండా ఆగే అవకాశం ఎక్కడ చేజారిందో తెలియడమూ అంతే అవసరం. కానీ నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. అల్లుణ్ణి రాయబారం పంపేనాటికే ఆలస్యమైపోయింది. అప్పటికి రెండు ఊళ్ల మధ్య కలిసి చేసుకునే చిన్న పని ఒక్కటీ మిగల్లేదు. పెద్ద మాట మోసుకెళ్లే మనిషి మాత్రమే మిగిలాడు. పెద్ద మాట ఒక్కటే మోసే మనిషిని చంపడం తేలిక.

ఈ అనుమానానికి ఆధారం నాకు పుస్తకాల్లో కన్నా ఈ భివండీలోనే దొరికింది. ఈ ఊరు కూడా విడిపోయిన ఇల్లే. 1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపు రోజు ఇక్కడ హిందూ ముస్లిం అల్లర్లు చెలరేగాయి. వాటిని విచారించిన జస్టిస్ మదన్ కమిషన్ నివేదికను దేశంలో ఇప్పటికీ ఉదహరిస్తారు. 1984 మేలో మళ్లీ అంటుకుంది. కొట్టుకున్న రెండు వైపులవాళ్లూ చాలామంది ఒకే పని చేసేవాళ్లు. ఉత్తరాది నుంచి తరాల కిందట వచ్చిన మోమిన్ అన్సారీలూ నేతగాళ్లే, మా పద్మశాలీలూ నేతగాళ్లే. ఇద్దరి పనీ నాడె మీదే, ఇద్దరికీ కూలి ఇచ్చేది సేఠే. 1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి ఇక్కడికి డీసీపీగా వచ్చాడు. ఆయన మొహల్లా కమిటీలు పెట్టించాడు. పేటపేటకూ ఒక కమిటీ, రెండు మతాల వాళ్లూ, మామూలు జనం, ఆ పేట బాధ్యత చూసే పోలీసూ అందులో ఉండేవారు. గొడవ వచ్చినప్పుడు పరిగెత్తే శాంతి సంఘం కాదది. గొడవ లేనప్పుడు కూర్చునే సంఘం. మాట్లాడుకున్నవి ఏమిటి? ఇరుగుపొరుగు తగాదాలు, పేటలో రోజూ చికాకు పెట్టే చిల్లర సంగతులు.

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూలింది. ఆ డిసెంబరులోనూ, 1993 జనవరిలోనూ ముంబై తగలబడింది. 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. ముంబైకి అంత దగ్గర్లో, అంతకు ముందు రెండుసార్లు కాలిన భివండీ మాత్రం ఆగింది. దీనికి కమిటీలొక్కటే కారణమని నేను అనను. రెండుసార్లు కాలిన చర్మానికి భయమూ ఉంటుంది, సాంచాలు ఆగితే పొయ్యి ఆగుతుందన్న లెక్కా ఉంటుంది. అయినా ఒకటి నమ్ముతున్నాను. చిల్లర సంగతుల మీద మళ్లీ మళ్లీ కూర్చున్నవాళ్లకు ఒకరి ముఖం ఒకరికి తెలుసు, ఒకరి మాట ఎంతవరకు నిలబడుతుందో తెలుసు. పుకారు వచ్చిన రాత్రి ఎవరి తలుపు కొట్టాలో తెలుసు. మతసామరస్యం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆ తలుపు దొరకదు.

ఇల్లూ ఊరూ ఒకటేనా అని నన్ను నేనే అడ్డుకుంటాను. ఊళ్లో డీసీపీ కమిటీ వేస్తాడు. ఇంట్లో ఎవరు వేస్తారు? మా ఇంట్లో వేసింది మేనత్త. ఆమె ఉండేది సిరిసిల్లలో. జంధ్యాల పౌర్ణమి మా వాళ్లకు పెద్ద పండుగ. మగవాళ్లు కొత్త జంధ్యం వేసుకునే రోజూ, అక్కచెల్లెళ్లు రాఖీ కట్టే రోజూ అదే. అత్త ఆ పౌర్ణమికి వచ్చి ముందు ఇటు బాపుకు, తర్వాత అటు చిన్నబాపుకు కట్టేది. మరుసటి ఏడు ముందు అటు, తర్వాత ఇటు. ఎవరి దగ్గరా రెండోవాళ్ల ఊసెత్తేది కాదు. ఇటు వండిన బూరెలు అటూ, అటు చేసిన గారెలు ఇటూ స్టీలు డబ్బాలో మోసేది, ఎవరు చేశారో చెప్పకుండా. కలవండ్రా అని ఏడ్చి గీపెట్టే ఆడబిడ్డలను సినిమాల్లో చూశాను. మా అత్త ఎప్పుడూ ఏడవలేదు. తన పని తాను క్రమం తప్పకుండా చేసింది, అంతే.

2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక, సిరిసిల్లలో పని దొరుకుతోందని ఇక్కడి నుంచి కొందరు వెనక్కి వెళ్లారు. చిన్నబాపు కూడా సాంచాలు అమ్మేసి పోదామని చూశాడు. అప్పుడు బాపు నోట తమ్ముడి మాట వచ్చింది. “వాడు పోతే బిల్లు ఎవలితోని పంచుకోవాలె?” అన్నాడు. బిల్లు గురించి అన్నాడో, దేని గురించి అన్నాడో ఇంట్లో అందరికీ అర్థమైంది. చిన్నబాపు పోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి భివండీ సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని నాసిక్ రోడ్డు పట్టారు. మా షెడ్డులో ఆ ఇటుక గోడ ఎంత పలచనిదో అప్పుడు తెలిసింది. చిన్నబాపు దగ్గు ఇటు వినిపించింది. ఇన్నేళ్లూ అన్నదమ్ముల మధ్య మాటను ఆపింది గోడ అనుకున్నాం. ఆపింది సాంచాల మోత. బాపు గోడకు ఆనుకుని “మందు తాగినవా?” అని గట్టిగా అడిగాడు. అటు నుంచి “తాగిన” అని జవాబు. క్షమాపణలు, కన్నీళ్లు, కౌగిలింతలు ఏమీ జరగలేదు. మరునాడు చిన్నమ్మ ఇటు వచ్చి ఉప్పు అడిగి తీసుకుపోయింది. అలా అలా రాకపోకలు మొదలై, ఇప్పుడు పండుగ అన్నం ఒకచోటే.

వాళ్లు కలవడానికి కారణం మహమ్మారి అని మా వాళ్లు చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ కాలంలో ఎన్నో ఇళ్లు కొత్తగా చీలాయి కూడా. నెలనెలా ఒక కాగితం మీద ఒకరినొకరు మోసం చేసుకోకుండా గడిపిన ఏళ్లన్నీ లోపల పోగుపడి ఉన్నాయి కాబట్టే ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వచ్చింది. పెద్ద విషయంలో నమ్మకం పోయినా, చిన్న లెక్కలో నమ్మకాన్ని వాళ్లిద్దరూ కాపాడుకున్నారు. మనిషి మారడం అంటే ఒక్క రాత్రిలో జ్ఞానోదయం కలగడం అని చాలాకాలం అనుకుంటాం. నా కళ్ల ముందు ఇద్దరు మొండి మనుషులు ఎంత నెమ్మదిగా మారారంటే, మారుతున్నప్పుడు వాళ్లకే తెలియలేదు.

ఇంతటితో ఆపితే బాగుండును. కానీ ఒక సంగతి ఆపనివ్వదు. బిల్లు వెనక లెక్క ఎప్పుడూ ఇద్దరిదే. తాతకు పిల్లలు ముగ్గురు. సాంచాలు కొనడానికి అమ్మిన భూమిలో, ఊళ్లో మిగిలిన ఇంటి జాగాలో అత్త పేరు ఎక్కడ? ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. అత్త పెళ్లి అంతకు ముందే అయింది. మహారాష్ట్రలో అలాంటి చట్టం 1994లో వచ్చింది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చాక పెళ్లి తేదీ అడ్డు తొలగింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మా ఇంట్లో అత్తకు ఎంత వస్తుందో వకీలు చెబుతాడు. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. ఆమె ఇన్నేళ్లూ వాటా అడగకపోవడం వల్లే అన్నదమ్ములు కలిశారా? అడిగి ఉంటే ఆ రాఖీ రాకపోకలు సాగేవా? పుట్టింటి వాకిలి మూతపడుతుందన్న భయంతో ఆడబిడ్డ చేతులు ముడుచుకుంటే వచ్చిన శాంతిని రాజీ అని పిలవొచ్చా?

పోయిన జంధ్యాల పౌర్ణమికి అన్నం తిన్నాక ఈ మాట నేనే ఎత్తాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్త “నాకెందుకు బిడ్డా” అంది. చిన్నబాపు “ఎందుకో కాదు, నీదుంటే నీదే” అన్నాడు. బాపు ఏమీ అనకుండా ఒక తెల్లకాగితం తెచ్చి ముగ్గురి పేర్లూ వరసగా రాశాడు. జాగా విలువ ఎంత, సాంచాల నాటి భూమికి ఏం లెక్క కట్టాలి, ఇంకా తేలలేదు. మాటలు పెరిగిన రోజులూ ఉన్నాయి. అయినా కాగితం చింపలేదు.

మీ ఇంట్లోనూ ఎక్కడో ఒక గోడ ఉండే ఉంటుంది. అవతలివాళ్లు వచ్చి తప్పు ఒప్పుకుంటారని కూర్చోకండి. ఎవరి కథ నిజమో తేలేదాకా ఆగకండి, అది తేలదు. అమ్మ మందుల ఖర్చు, ఊరింటి పన్ను, తద్దినం నాటి సరుకులు... ఇద్దరికీ తప్పని చిన్న పని ఏదైనా మిగిలి ఉంటే దాన్ని తెంపకండి, పైసా తేడా రాకుండా చేయండి. ఏదో ఒకనాడు అందరూ ఒకచోట కూర్చునే రోజు వస్తే, అన్నదమ్ముల వాటాల కన్నా ముందు ఆడబిడ్డ వాటా రాయండి. అది రాయకుండా కలిసిన ఇల్లు సగమే కలిసినట్టు.